వియద్విహారిలో పెళ్లి అలక

వియద్విహారి భూమిని వదిలి తొమ్మిదేళ్లయింది. చేరవలసిన చోటికి ఇంకా ముప్పై ఒక్క ఏళ్ల ప్రయాణం ఉంది. అంతకాలం ఇనప గోడల మధ్య బతికే మనుషులకు పిచ్చెక్కకుండా ఉండాలంటే కాస్త కాలక్షేపం కావాలని పెద్దలు ముందే ఆలోచించారు. అందుకని నౌక నడిబొడ్డున ఒక మాయగది కట్టించారు. లోపలికి అడుగుపెట్టి కావలసింది చెబితే చాలు, గోడలు మాయమై సముద్రమో, సంతో, పూలతోటో ప్రత్యక్షమవుతుంది. అక్కడ గాలి చల్లగా తగులుతుంది, మిరపకాయ బజ్జీ నాలుకని కాలుస్తుంది, ఎదురుపడ్డ మనిషి ఆగి పలకరిస్తాడు. బయటికొచ్చాక ఏదీ ఉండదు. ఇంత చక్కని గది కట్టించినవాళ్లు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. దాన్ని నడపడానికి ఒక శాఖని కూడా పెట్టారు.

గండి వరహాలమ్మ ఆ నౌకలో నీటి ప్లాంటు మెకానిక్కు. అందరూ వరాలు అని పిలుస్తారు. తొంభై మంది తాగే నీళ్లు, స్నానం చేసిన నీళ్లు, కార్చిన చెమట, ఇంకా పైకి చెప్పుకోని నీళ్లు, అన్నీ ఆవిడ గొట్టాల్లోంచి తిరిగి శుభ్రపడి మళ్లీ గ్లాసుల్లోకి వస్తాయి. తొమ్మిదేళ్లుగా అవే నీళ్లు. చెంబెడు ఒలికిందంటే మరునాటికి మెమో వస్తుంది. పొద్దస్తమానం నీళ్లతోనే పని చేస్తూ ఆవిడ నీళ్లకి మొహం వాచిపోయింది. అందుకే మాయగదికి దరఖాస్తు పెట్టేటప్పుడు సముద్రం అడగలేదు, జలపాతం అడగలేదు. అనకాపల్లి రోడ్డు మీద నిలబడితే నెత్తిన పడే వాన అడిగింది. గంటసేపు, గొడుగు లేకుండా.

ఆ దరఖాస్తు పద్నాలుగు నెలలు తిరిగింది. వాన అనేది వినోదం కిందికి వస్తుందా, వాతావరణం కిందికి వస్తుందా అని రెండు విభాగాలు ఆర్నెల్లు తగువులాడుకున్నాయి. తడవడం వల్ల జలుబు చేయదని డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నారు. మాయవానకి జలుబు చేయదని డాక్టరు రాసిస్తే, చేయనిపక్షంలో అది సంపూర్ణ అనుభవం ఎలా అవుతుందని తిప్పి పంపారు. ఎట్టకేలకు చీటీ చేతికొచ్చింది. గురువారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు. శనివారం సాయంత్రం అయిదు దాటితే చీటీ చెల్లదు. ఆపైన మళ్లీ మొదటినుంచీ పద్నాలుగు నెలలు.

వరాలు శనివారం దాకా మూడు రోజులు సెలవు పెట్టింది. పెట్టె అడుగునుంచి నూలు చీర తీసి కట్టుకుంది, తడిస్తే ఒంటికి చుట్టుకునే రకం. రెండింటికి పది నిమిషాల ముందే వెళ్లి మాయగది గుమ్మం దగ్గర నిలబడింది. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. లోపల్నుంచి సన్నాయి వినిపిస్తోంది.

గుమ్మం పక్కనే బల్ల వేసుకుని వినోదాధికారి చక్రధరరావు కూర్చుని ఉన్నాడు. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. నిద్రలో కూడా "పై విషయము దృష్ట్యా" అంటాడని ఆయన భార్యే చెప్పింది.

"ఏటి బాబూ, ఇంకా ఎవులున్నారు లోపల? నా వంతు వొచ్చీసింది కదా" అంది వరాలు.

"వివాహపు సెషన్ ఇంకను ముగియలేదమ్మా."

"పెళ్లి మంగళారం కదేటి అయిపోయింది?"

"వివాహము ముగిసినది. సెషన్ ముగియలేదు. ఈ రెండింటికిని గల భేదమును మీరు గమనించవలెను."

జరిగింది ఇది. నావిగేషన్ విభాగంవాళ్లు ముప్పై మంది కలిసి పెళ్లిభోజనం తినాలని ముచ్చటపడ్డారు. కోనసీమ పెళ్లి అడిగారు. దరఖాస్తులో 'వాస్తవికత' అన్న గడి ఉంటుంది. కొంచెం, మధ్యస్థం, సంపూర్ణం. భోజనం విషయంలో రాజీపడేది లేదని సంపూర్ణం దగ్గర టిక్కు పెట్టారు. భోజనం అద్భుతంగా కుదిరింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవపెట్టిన పులిహోర, చిల్లుపెట్టి పోసిన నెయ్యి ఒలికే బూరెలు. డ్యూటీకి టైమైపోతోందని ముప్పై మందీ గబగబా మొదటి బంతిలోనే కూర్చుని లాగించేశారు. సంతృప్తి పత్రాల మీద సంతకాలు గీకేసి, తాంబూలం నములుతూ పనుల్లోకి వెళ్లిపోయారు.

కోనసీమ పెళ్లి సంపూర్ణంగా కావాలంటే సంపూర్ణంగానే వస్తుంది. పందిరి వస్తుంది, బాజాలు వస్తాయి, అలిగేవాడూ వస్తాడు. పెళ్లికొడుకు మేనత్త భర్త మంగపతిగారు ఆ ఇంటికి పెద్దల్లుడు. ఆయన్ని రెండో బంతిలో కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. పశువుల సావిడి పక్కన కుర్చీ వేసుకుని, గోడకేసి తిరిగి, మూడు రోజులుగా అలాగే ఉన్నాడు.

"ఆయన మాయమనిషే కదా బాబూ! మీట నొక్కీసి ఆపీయండి" అంది వరాలు.

చక్రధరరావు చెవులు మూసుకున్నంత పని చేశాడు. పదిహేడో నియమం పైకి చదివాడు. "సెషన్‌నందు పాల్గొనిన యావన్మందియు సంతృప్తి పత్రముపై సంతకము చేసిన పిమ్మట మాత్రమే సెషన్ మూయబడును."

"పాల్గొన్నోలంటే మనమే కదా. ఆలెందుకొస్తారు?"

దీనికి జవాబు నౌకలో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట, ఇంత గొప్ప గదిని కేవలం తొంభై మందే వాడుకుంటున్నారేమని భూమి మీది ప్రధాన కార్యాలయం మందలించింది. చక్రధరరావు ఒక రాత్రి బుర్ర బద్దలు కొట్టుకుని, మాయగదిలో కనిపించిన మాయమనుషుల్ని కూడా లెక్కలో కలిపాడు. సంత సెషన్లో కూరగాయలమ్మినవాళ్లు, తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినవాళ్లు, అందరూ 'పాల్గొన్నవారు' అయిపోయారు. తొంభై కాస్తా పన్నెండు వేలయింది. ప్రధాన కార్యాలయం ఆయన్ని మెచ్చుకుని ప్రశంసాపత్రం పంపింది. అది ఇప్పుడు ఆయన వీపు వెనక గోడకి చట్రం కట్టి ఉంది. ఇవాళ మంగపతి మనిషి కాడని ఒప్పుకుంటే, ఆ పన్నెండు వేల మందీ కాకుండాపోతారు.

"నాలుగు వందల పన్నెండు మంది పెళ్లివారిలో నాలుగు వందల పదకొండు మంది సంతకములు చేసియున్నారు. మిగిలినది ఒక్కరే. కొంచెము ఓపిక పట్టవలెను" అన్నాడు చక్రధరరావు.

వరాలు గుమ్మం పక్కన చతికిలబడింది.

ఆ సాయంత్రం చక్రధరరావు స్వయంగా లోపలికి వెళ్లి మంగపతిగారి వెనక నిలబడి శాఖ తరఫున క్షమాపణ చదివాడు. తెరిచి ఉన్న తలుపులోంచి వరాలుకి అంతా వినిపించింది.

"తమకు కలిగినట్లుగా భావింపబడుచున్న అసౌకర్యమునకు, సదరు అసౌకర్యము వాస్తవముగా కలిగియున్నచో, శాఖ తన విచారమును తెలియజేయుటకు ఆలోచన చేయుచున్నది."

మంగపతిగారు కుర్చీని గోడకి మరో అడుగు దగ్గరగా జరుపుకున్నాడు.

"మొదటి బంతి మళ్లీ పెట్టిస్తామండీ. తమరే ముందు కూర్చుందురు గాని" అని ఆడపెళ్లివారు ఎవరో బతిమాలారు.

"బాగుందండీ! మొదటి బంతి లేచిపోయి మూడ్రోజులైంది. ఇప్పుడెట్టింది మొదటి బంతెలా అవుద్దండీ? నేనేవన్నా సిన్నపిల్లోణ్ణా?" అన్నాడాయన గోడతో.

ఆ మాట ఎవరో ఒకరు తేల్చాలి. కనుక సంఘం వేశారు. అలక నివారణ సంఘం. శుక్రవారం పొద్దున్న కూర్చున్న సంఘం మధ్యాహ్నానికల్లా ఒక తీర్మానం చేసింది. ఇకపై జరగబోయే బంతులన్నీ మొదటి బంతులుగానే పరిగణింపబడును, ఇదివరలో జరిగినది సున్నావ బంతిగా పిలువబడును. తీర్మానం లోపలికి వెళ్లి చదివి వినిపించగానే, సున్నావ బంతిలో తిన్న పెళ్లికొడుకు తండ్రికి కోపం వచ్చింది. అంటే తను తిన్నది భోజనమే కాదా అని, పెట్టిన సంతకం వెనక్కి తీసుకున్నాడు. అలిగినవాళ్లు ఇద్దరయ్యారు.

ఇక లాభం లేదని కెప్టెన్ ఏసుపాదంగారే బయల్దేరారు. ఆయన మంచి మనిషి. నక్షత్రాల మధ్య నౌకని కళ్లు మూసుకుని నడుపుతారు గానీ పెళ్లివారి సంగతి తెలియదు. మెడల్స్ తగిలించుకుని వెళ్లి మంగపతిగారి పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని మాట్లాడారు. మంగపతిగారు కొంచెం మెత్తబడ్డట్టే కనిపించాడు. తల సగం తిప్పాడు కూడా. ఆ ఘడియలోనే పందిట్లో గుసగుసలు లేచాయి. కెప్టెనంతటివాడు వచ్చి మంగపతిని పలకరించాడు, మరి మేనమామని పలకరించడా? పెళ్లికూతురి పెదనాన్న కనబడలేదా ఆయన కళ్లకి? చూస్తుండగానే అరవై మూడు కుర్చీలు అరవై మూడు దిక్కులకి తిరిగిపోయాయి, వాళ్ల సంతకాలూ వెనక్కి పోయాయి.

కెప్టెన్ బయటికొచ్చి మొహం తుడుచుకున్నారు. "నౌకకి ఉల్క తగిలితే ఏం చెయ్యాలో నాకు తెలుసయ్యా. ఇది మాత్రం నా వల్ల కాదు" అని వెళ్లిపోయారు.

శుక్రవారం సాయంత్రం అలిగినవాళ్ల తరఫున ఒక వినతిపత్రం వచ్చింది. నాలుగు రోజులుగా ఒకే పెళ్లిలో కూర్చుని నడుములు పట్టేశాయనీ, నౌకలో అందరికీ వినోదం ఉండగా పాల్గొన్నవారిగా నమోదైన తమకి ఎందుకు లేదనీ అడిగారు. సంఘం దీర్ఘంగా ఆలోచించింది. పాల్గొన్నవారు అంటే నౌకవాసులు, నౌకవాసులకి వినోదపు హక్కు ఉంది, కాబట్టి వీళ్లకీ ఉంది. ఎక్కడా తప్పు దొరకలేదు. పెళ్లివారు నాలుగు వందల పన్నెండు మందినీ మాయగది వరుసలోకి ఎక్కించారు. వరుసలో ఎవరు ముందు అన్నది వయసుని బట్టి. పెళ్లివారిలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. శనివారం పొద్దున్న గుమ్మం మీద అంటించిన జాబితాలో వరాలు పేరు మొదటి చోటునుంచి జారి రెండు వందల డెబ్బై ఆరో చోట ఉంది.

వరాలు ఆ జాబితా రెండుసార్లు చదివింది. తొమ్మిదేళ్లలో ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. రాత్రి పన్నెండింటికి గొట్టం పగిలినా లేచి వెళ్లింది. ఒకే ఒక్కటి అడిగితే దాని ముందు లేని మనుషుల్ని తెచ్చి నిలబెట్టారు.

"బాబూ, మాయగదిలో ఉన్నోలకి మళ్లీ మాయగదేటి బాబూ? ఆలెక్కడికెల్తారు?" అంది.

"పెక్కుమంది నిజమైన వియద్విహారిని చూడగోరుచున్నారు" అన్నాడు చక్రధరరావు. "కిటికీ ప్రక్కన నిలబడి నక్షత్రములను చూచెదరట. మంచి అభిరుచి."

శనివారం మధ్యాహ్నం మూడున్నర. చీటీకి ఇంకా గంటన్నర బతుకుంది. సంఘం సభ్యులు భోజనానికి లోపలికి వెళ్లారు (సంఘం భోజనాలు మొదటినుంచీ లోపలే జరుగుతున్నాయి). తలుపు తెరిచే ఉంది. వరాలు చీటీ నడుములో దోపుకుని లోపలికి నడిచింది.

పందిరి కింద నుంచి, తిరిగి కూర్చున్న వీపుల మధ్యనుంచి, సరాసరి సావిడి దగ్గరికి వెళ్లింది. మంగపతిగారు పట్టుపంచె మోకాళ్ల మీదికి లాక్కుని గోడకేసి చూస్తున్నాడు.

"ఏటి బాబూ! ముసలోడివి, నీకిది తగునా?" అంది వరాలు గట్టిగా.

నాలుగు రోజులుగా అందరూ ఆయన్ని బతిమాలుతూనే ఉన్నారు. తిట్టినవాళ్లు లేరు. మంగపతిగారు చటుక్కున వెనక్కి తిరిగాడు.

"ఎవరమ్మా నువ్వు? ఆడపెళ్లివారా?"

"ఎవుల పెళ్లివారమూ కాను. నీళ్ల ప్లాంటులో పని సేత్తాను. నువ్వు అలిగి కూకున్నావు, నా వాన పోయింది. పద్నాలుగు నెల్లు తిరిగి తెచ్చుకున్నాను. బంతి, బంతి అంటావు. మొదటి బంతిలో తిన్నా రెండో బంతిలో తిన్నా కడుపు నిండిందా లేదా?"

"బంతి మాట అలా ఉంచమ్మా" అన్నాడాయన. "వానేంటి?"

వరాలు చెప్పింది. మొదట కోపంగా మొదలుపెట్టి, మధ్యలో కింద కూర్చుని, అన్నీ చెప్పింది. తొంభై మంది తాగిన నీళ్లే మళ్లీ తాగడం, ప్రతి చుక్కా గొట్టంలోంచి రావడం, గొట్టంలోకే పోవడం. పైనుంచి పడే నీళ్లని చూసి తొమ్మిదేళ్లవడం. ఎవరూ కొలవని నీళ్లు, ఎవరూ పంపని నీళ్లు, ఊరికే పడిపోయే నీళ్లు.

మంగపతిగారికి ఆరెకరాల కొబ్బరితోట ఉంది. ఆయన కుర్చీలోంచి లేచాడు. నాలుగు రోజుల తరవాత ఆయన లేవడం అదే.

"తొమ్మిదేళ్లు వానే లేదా?" అన్నాడు. "సెట్టయినా సచ్చిపోద్దమ్మా అలాగైతే! ఇంత దారుణం జరుగుతుంటే ఈళ్లు నా బంతి గురించి మీటింగులెడతన్నారా? ఒరేయ్! ఆ కాగితాలాయన్ని పిలవండ్రా ఇలా!"

చక్రధరరావు బూరె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"రాసుకోండి" అన్నాడు మంగపతిగారు. "ఇక్కడ వాన పడాలి. పడితే సంతకం ఎడతాను. లేదంటే ఈ కుర్చీలోనే కూర్చుంటాను."

చక్రధరరావు మొహం విప్పారింది. పాల్గొనినవారు కోరిన సదుపాయము సెషన్‌నందు వెంటనే సమకూర్చబడవలెనని పంతొమ్మిదో నియమం ఉంది. సంఘం అక్కడికక్కడే, విస్తళ్ల ముందే సమావేశమైంది. చినుకులా, మోస్తరు వానా, కుండపోతా అన్నదాని మీద పావుగంట చర్చ జరిగింది. మధ్యేమార్గంగా మోస్తరు అన్నారు. మంగపతిగారు కుర్చీ వైపు ఒకసారి చూశాడు. కుండపోత అని దిద్దుకున్నారు.

పెద్ద ఉరుము ఉరిమింది. కొబ్బరి చెట్లు ఊగాయి. మట్టి వాసన లేచింది. ఆ వెంటనే ఆకాశానికి చిల్లులుపడ్డట్టు వాన దంచుకుపడింది. బాజాలవాళ్లు బాజాలు గొంగళ్ల కింద దాచుకున్నారు. అప్పడాలు మెత్తబడిపోయాయి. అరవై మూడు దిక్కులకి తిరిగినవాళ్లు ఒక్క దిక్కుకే పరుగెత్తారు. ఇళ్లకి పోతే చాలురా భగవంతుడా అని, పోతూ పోతూ చక్రధరరావు చేతిలో కాగితాల మీద సంతకాలు చేసేశారు. మంగపతిగారు అందరికన్నా ఆఖర్న పెట్టాడు.

"తడువమ్మా, బాగా తడువు" అని చెప్పి, కండువా నెత్తిమీద వేసుకుని ఆయనా వెళ్లిపోయాడు.

అయిదింటికి ఇంకా పది నిమిషాలుంది. చక్రధరరావు అరిటాకు ఒకటి నెత్తిమీద పట్టుకుని సంతకాలు లెక్కపెట్టాడు. పెళ్లివారు నాలుగు వందల పన్నెండు. నావిగేషన్‌వారు ముప్పై. శాఖ పనిమీద లోపలికి వెళ్లిన తనూ, సంఘంవారూ, కెప్టెనూ లెక్కలోకి రారు. అన్నీ ఉన్నాయి. సంతోషంగా మీట నొక్కబోయాడు. మీట దిగలేదు. పైన చిన్న తెర మీద అక్షరాలు వెలిగాయి. పాల్గొనినవారు 443, సంతకములు 442.

ఆయన చుట్టూ చూశాడు. ఖాళీ పెరట్లో, వాన నడిమధ్యన వరాలు నిలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. చీర ఒంటికి చుట్టుకుపోయింది. మొహం పైకెత్తి, నోరు తెరిచి, చిన్నపిల్లలా వాన తాగుతోంది. నీళ్లు బుగ్గల మీదనుంచి కారిపోతుంటే ఆపాలన్న ఆలోచన కూడా ఆవిడకి లేదు. ఒలికిపోతున్నాయి, ఇంకిపోతున్నాయి, ఎవరూ మెమో ఇవ్వడంలేదు.

చక్రధరరావు బురదలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చి కాగితం చాపాడు.

"మీరును లోనికి వచ్చియుండుటచే పాల్గొనినవారైతిరి. ఇచ్చట సంతకము చేయవలెను."

వరాలు కాగితం చూసింది. ఆయన మొహం చూసింది.

"సెయ్యను బాబూ."

"ఏల?"

"తృప్తి కలిగిందని కదా సెయ్యాలి. ఇంకా కలగనేదు."

"ఎప్పటికి కలుగును?"

"ఏమో మరి. నాకేటి తెలుసు?"

"అట్లయినచో, అమ్మా..." చక్రధరరావు గొంతు తగ్గింది. నియమం మధ్యలో చిక్కుకున్న మనిషికి భాష కూడా మారిపోయింది. "ఏం కావాలమ్మా మీకు?"

పద్నాలుగు నెలల్లో ఆవిడ పదకొండు పత్రాలు నింపింది. ఎత్తు అడిగారు, బరువు అడిగారు, వాన ఉద్దేశం అడిగారు. ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. వరాలుకి నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి. ఏవి వాననీళ్లో ఏవి కావో ఇక్కడ ఎవరూ వేరుచేయనక్కర్లేదు.

"నానలిగాను బాబూ" అంది. "అలాగని రాసుకోండి."

చక్రధరరావు అరిటాకు కింద తలదాచుకుని, తడిసిన కాగితం మీద, అలిగినవారు అన్న గడిలో ఒకరు అని రాశాడు. రాయకూడదనే నియమం ఏదీ ఆయనకి తోచలేదు. తరవాత అలక నివారణ సంఘాన్ని సమావేశపరచడానికి బయటికి నడిచాడు. సభ్యులందరూ తడిసిపోయి బట్టలు మార్చుకోవడానికి వెళ్లారు. రేపు ఆదివారం, సెలవు. మళ్లీ సంఘం కూర్చునేది సోమవారం పొద్దున్న పది గంటలకే.

వరాలు డ్యూటీ కూడా సోమవారం పది గంటలకే. ఆవిడ చెప్పులు విడిచి ఒక పక్కన పెట్టి, మోకాళ్ల దాకా చీర ఎత్తిపట్టుకుని, నీళ్లు ఎక్కువ నిలిచిన చోటికి నడిచింది.